పియానో వాదకుని స్వాతంత్ర్యము

చిత్రకారుడు పటమును వ్రాసి ముగించిన పిదప ఆ పటమునకును దానిని చూచువానికిని నడుమ మూడవవానితో పనిలేదు. శిల్పి పనియు నట్టిదే. సంగీతరచయిత స్థితి వేఱు. అతడు కాగితముపై వ్రాసి విడిచినది శబ్దము కాదు. శబ్దమునకు గుఱుతులు మాత్రమే. ఒకడు వాద్యము ముందు గూర్చుండి ఆ గుఱుతులను వినిపించిననే గాని అది సంగీతము కాజాలదు. ఐరోపా సంగీతమునందు, అందును పియానోపై వాయింపబడు కృతులయందు, ఈ రెండవవాని ధర్మమును గూర్చి చిరకాలముగా వాదము జరుగుచున్నది. అతడు రచయితకు సేవకుడా, సహచరుడా? వ్రాసినదానిని వ్రాసినట్లే వినిపించుట యతని విధియా, తనకు దోచిన భావమును వినిపించుట విధియా? ఇది సంగీతజ్ఞులకు మాత్రమే పట్టిన ప్రశ్నగా పైకి గనబడును. కాని పరుల మాటను మనము పలుకవలసివచ్చిన ప్రతిచోటను, అనగా ఉపాధ్యాయుడు పాఠము చెప్పునప్పుడును, అనువాదకుడు గ్రంథమును తెనిగించునప్పుడును, కుమారుడు తండ్రి వ్రాసిన మరణశాసనమును నెఱవేర్చునప్పుడును, ఈ ప్రశ్నయే వేఱొక రూపమున ఎదురగును. కావున దీనిని విచారించుట గృహస్థులకును నిష్ప్రయోజనము గాదు.

ఈ విషయమున రెండు పక్షములు గలవు. మొదటి పక్షమువారు చెప్పునదేమనగా: రచయిత తన మనస్సులోని సంగీతమును సాధ్యమైనంత స్పష్టముగా లిపియందు నిబంధించెను. ఏ స్వరము, ఎంతసేపు, ఎంత గట్టిగా, ఎంత వేగముగా అనునది చెప్పెను. అంత చెప్పిన పిదప వాదకుడు తన యిష్టమును చొప్పించుట అహంకారము. సభకు వచ్చినవారు బేథోవెనును విన వచ్చిరి గాని వాదకుని విన రాలేదు. రెండవ పక్షమువారు చెప్పునదేమనగా: లిపి అస్థిపంజరము వంటిది. రచయిత గతించెను, వాద్యము మాఱెను, వినువారు మాఱిరి. నేటి వాదకుడు తన హృదయమును అందు నిలుపనిచో ఆ కృతి వస్తుప్రదర్శనశాలలోని పాత సామగ్రితో సమానమగును. ఇరువురి మాటలందును సత్యమున్నది. ఎవరి సత్యము ఎంతవఱకు చెల్లునో తెలిసికొనుటకు సిద్ధాంతములకంటె జరిగిన సంగతులే మనకు తోడ్పడును.

మొదట లిపి యేమి చెప్పునో, ఏమి చెప్పదో చూతము. జర్మను రచయిత యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1722లో కూర్చిన 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి భాగమును నేటికిని పియానో నేర్చువారు నిత్యపారాయణముగా వాయింతురు. అందు మిక్కిలి కొలది చోట్ల దప్ప వేగమెంతయో చెప్పబడలేదు. ధ్వని హెచ్చుతగ్గులను గూర్చి యొక్క గుఱుతును లేదు. పియానోను ఫ్లోరెన్సు నగరమున బార్తొలొమ్మియో క్రిస్టోఫోరి యనువాడు 1700 ప్రాంతమున నిర్మించినను, బాఖ్ ఈ గ్రంథమును వ్రాయు నాటికి అది ఆ దేశమున వాడుకలోనికి రాలేదు. నాటి హార్ప్సికార్డునందు తంత్రిని ఈకముల్లు మీటును. వ్రేలు ఎంత గట్టిగా నొక్కినను శబ్దము హెచ్చదు. పియానోయం దట్లు గాదు. అందు సుత్తి తంత్రిని కొట్టును. వ్రేలి బలమునుబట్టి శబ్దము హెచ్చును, తగ్గును. కావున బాఖ్ కృతిని పియానోపై వాయించువాడు, రచయిత నిర్ణయింపని విషయమును స్వరస్వరమునకును తాను నిర్ణయింపక తప్పదు. అన్నింటిని సమానముగా వాయించుటయు నొక నిర్ణయమే. 'నేను వ్యాఖ్యానింపను, ఉన్నదున్నట్లు వాయింతును' అనువాడు తాను చేయుచున్న వ్యాఖ్యానమును తానెఱుగనివాడు.

కెనడా దేశీయుడగు గ్లెన్ గూల్డ్ బాఖ్‌వే యైన 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్'ను 1955లో ఒకసారియు 1981లో ఒకసారియు రికార్డు చేసెను. మొదటిది సుమారు 38 నిమిషములు. రెండవది సుమారు 51 నిమిషములు. రెండవమాఱు కొన్ని భాగములను తిరిగి వాయించుటచేత కొంత కాలము హెచ్చినమాట నిజమే. అయినను ఒకే కాగితము, ఒకే మనుష్యుడు, ఇరువదియాఱేండ్ల యెడమున రెండు వేర్వేఱు సంగీతములు వెలువడినవి. వీనిలో ఏది అబద్ధమని చెప్పగలము? లిపి మౌనముగానున్నచోట వాదకుని స్వాతంత్ర్యము ఎవరో దయతో నిచ్చిన హక్కు గాదు, తప్పించుకొనరాని భారము.

లిపి మాటలాడినచోటను సంగతి యంత సులభము గాదు. పోలండు దేశీయుడగు షోపాన్ తన దేశపు నృత్యములనుబట్టి మజుర్కాలనెడి చిన్నకృతులను రచించెను. వాని తాళము మూడేసి మాత్రలది. చార్లెస్ హాలే యను వాదకుడు షోపాన్ స్వయముగా వాయింపగా విని, మీరు నాలుగు మాత్రలు వాయించుచున్నారనెను. షోపాన్ గట్టిగా కాదనెను. హాలే అతనిచేత మరల వాయింపజేసి, ప్రక్కన నిలుచుండి పైకి లెక్కపెట్టగా నాలుగే సరిపోయినవి. అప్పుడు షోపాన్ నవ్వి, అది తమ దేశపు నృత్యస్వభావమని చెప్పెనట. మొదటి మాత్రపై నిలిచెడి ఆ నిలుపును కాగితముపై ఎవడు వ్రాయగలడు? మూడు మాత్రలను కొలిచి వాయించిన వాదకుడు లిపిని పాటించినవాడగును గాని మజుర్కాను వినిపించినవాడు గాడు. ఇదియును గాక, షోపాన్ ఒకే నాక్టర్నునకు వేర్వేఱు శిష్యుల పుస్తకములలో వేర్వేఱు అలంకారములను తన చేతితో వ్రాసియిచ్చెను. రచయితయే యొక్క పాఠమునకు కట్టుపడనప్పుడు, పాఠభేదమును పాపముగా నెంచుట యెట్లు?

ఇక స్పష్టమైన యాజ్ఞ యున్నచోటు చూతము. వెన్నెల సొనాటా యని లోకమున పేరుపొందిన బేథోవెను కృతి 1802లో అచ్చుపడెను. ఆ పేరు బేథోవెను పెట్టినది గాదు. పియానోయందు వ్రేలు తీసిన వెంటనే తంత్రి మ్రోతను ఆపుటకు దట్టమైన ఉన్నిబట్ట తొడిగిన దిమ్మలుండును. కాలితో మీటను నొక్కినచో దిమ్మలన్నియు పైకి లేచి తంత్రులు మ్రోగుచునే యుండును. ఈ కృతి మొదటి భాగమంతయు మిక్కిలి మృదువుగా, దిమ్మలు తాకకుండ వాయింపవలెనని బేథోవెను వ్రాసెను. అతనినాటి వియన్నా పియానోలలో మ్రోత త్వరగా క్షీణించెడిది. కావున ఒక స్వరసమూహము వెనుక నింకొకటి వచ్చినను రెండును పలుచని పొగవలె కలిసెడివి. నేటి పియానోకు ఇనుప చట్రము, బలమైన తంత్రులు, దీర్ఘమైన మ్రోత. ఆ యాజ్ఞను అక్షరాల పాటించినచో స్వరములు ఒకదానిపై నొకటి పేరుకొని కలుషితమగును. కావున నేటి వాదకులలో పెక్కురు స్వరసమూహము మాఱినప్పుడెల్ల కాలు తీసి మరల నొక్కుదురు. కొందఱు మీటను సగమే నొక్కుదురు. వీరు ఆజ్ఞను మీఱినవారా, పాటించినవారా?

ఒక తండ్రి తన శాసనమున, సత్రమునకు ఏటేట నూఱు కుంచముల ధాన్యమీయవలెనని వ్రాసెననుకొందము. అతడు గతించిన కొంతకాలమునకు ఊరి కుంచము చిన్నదయ్యెను. కొత్త కుంచముతో నూఱు కొలిచి యిచ్చిన కుమారుడు అక్షరమును పాటించెను. సత్రములోని బాటసారి నోరు కొట్టెను. కొలత మార్చి, తండ్రి తలచినంత ధాన్యమును ఇచ్చిన కుమారుడు అక్షరమును విడిచి శాసనమును నెఱవేర్చెను. కాని మూడవ కుమారుడొకడు, 'కాలము మాఱినది గదా' యని ఆ ధాన్యమును అమ్మి తన యింట పెండ్లికి వెచ్చించెననుకొందము. వీడును మార్పు చేసినవాడే. రెండవవానికిని మూడవవానికిని గల భేదము మార్పు పరిమాణమునందు లేదు. ఆ మార్పు ఎవరి ప్రయోజనమునకై జరిగినదనుటయందున్నది. వాదకుని స్వాతంత్ర్యమును పరీక్షించుటకు నాకు దోచిన యొరపిడి రాయి యిదియే.

ఈ రాతిపై రెండు మూడు సంగతులను గీచి చూతము. 1816లో కార్ల్ చెర్నీ యనువాడు బేథోవెను రచించిన పియానో, గాలివాద్యముల పంచకమును వియన్నాలో వాయించెను. ఇతడు బేథోవెను శిష్యుడు. చేతివేగము గల యువకుడు. వాయించునప్పుడు తన నైపుణ్యము తోచునట్లు అక్కడక్కడ క్లిష్టమైన స్వరములను చేర్చెను. బేథోవెను తోడి వాదకుల యెదుటనే యతనిని మందలించెను. మఱునాడు చల్లబడి యొక లేఖ వ్రాసెను. పరుషముగా పలికినందులకు విచారమును దెలుపుచు, నీవు వేఱువిధమున ఎంత చక్కగా వాయించినను, తన కృతి తాను వ్రాసినట్లే వినబడవలెనని కోరిన రచయితను క్షమింపవలసినదని దాని తాత్పర్యము. ఆ లేఖ తన దోషమును కుదిర్చినంతగా మఱియేదియు కుదుర్పలేదని చెర్నీ తరువాత చెప్పుకొనెను.

ఇందు విశేషమేమనగా, అదే పంచకమును బేథోవెను తానొకప్పుడు వాయించుచు, కడపటి భాగమున నొక విరామమునొద్ద తన చిత్తమువచ్చినట్లు స్వరకల్పన చేయ మొదలిడెనట. తోడివారు ఇదిగో వచ్చుచున్నదని వాద్యములను పెదవులకు చేర్చుటయు, రాకపోవుటచే మరల దించుటయు జరిగెను. వారికి కోపము వచ్చెను. సభికులకు ఆనందము కలిగెను. ఈ సంగతిని బేథోవెను శిష్యుడగు రీస్ వ్రాసెను. గురువు చేసినది శిష్యుడు చేయగా తప్పెట్లయ్యెను? సొమ్ము గురువుది. తన తోటలో తాను చెట్టు నఱకుకొనుటకును, కాపలాదారు నఱకుటకును భేదమున్నది. చెర్నీ ప్రతిభ లేనివాడు గాడు. ఆ చేర్పులు వినుటకు అందముగానే యుండియుండవచ్చును. కాని అవి కృతి కొఱకు చేర్చినవి గావు. చేతివ్రేళ్ల కొఱకు చేర్చినవి. లిస్ట్ మహావాదకుడును తన యౌవనమున సభల మెప్పు కోరి బేథోవెను మొదలగువారి కృతులలో స్వరములను చేర్చితినని 1837లో ప్రకటించిన లేఖలో పశ్చాత్తాపముతో చెప్పుకొనెను. చప్పట్ల కొఱకు మార్చుట మూడవ కుమారుని పెండ్లి వంటిది.

ఇచ్చట మన పాఠకులకొక సందేహము కలుగవచ్చును. మన గాయకులు ఆలాపనయు, నెరవును, కల్పనస్వరములును చేయుచున్నారు గదా. అది దోషమని ఎవరును అనరు గదా. ఐరోపా వాదకునికి మాత్రము ఈ సంకెలలేల? సమాధానమిది: మన సంప్రదాయమున మనోధర్మమునకు చోటు ముందే విడువబడియున్నది. గాయకుడు ఆ చోటును ఆక్రమించుట దొంగతనము గాదు. ఐరోపాలోను ఒకప్పుడిట్టి చోటుండెను. కన్సర్టోలలో కడెన్జా యను ఘట్టమున వాద్యబృందము ఆగిపోగా వాదకుడు తన కల్పనను చూపెడివాడు. మొజార్టు ఇందు ప్రసిద్ధుడు. బేథోవెను 1809 ప్రాంతమున తన కన్సర్టోలకు కడెన్జాలను తానే వ్రాసిపెట్టెను. అయిదవ కన్సర్టోలో నైతే ఇచ్చట వేఱుగా కడెన్జా వాయింపరాదని స్పష్టముగా వ్రాసెను. తలుపు తెఱచియున్న యింటిలోనికి పోవుట యతిథి ధర్మము; మూసిన తలుపును తోసికొని పోవుట వేఱు. స్వాతంత్ర్యమెంత యనునది ప్రతి కృతియు తనకుతానే కొంత చెప్పుచుండును. దానిని వినగలుగుటయే వాదకుని మొదటి విద్య.

జీవించియున్న రచయిత తన మాటను తాను కాపాడుకొనగలడు. ఫ్రెంచి రచయితయగు రావెల్ కథ యిందుకు సాక్ష్యము. వియన్నా వాదకుడగు పాల్ విట్గెన్‌స్టైన్ మొదటి ప్రపంచ యుద్ధమున కుడిచేతిని కోల్పోయి, యెడమచేతితోనే వాయించుటకు అనువగు కృతులను పలువురిచేత వ్రాయించెను. రావెల్ అతనికొఱకు వ్రాసిన కన్సర్టో 1932 జనవరిలో వియన్నాలో మొదట వినబడెను. విట్గెన్‌స్టైన్ అందు తన యిష్టానుసారముగా మార్పులు చేసెను. రావెల్ మిగుల నొచ్చుకొనెను. వాదకులు బానిసలు గారని యొకరును, బానిసలేయని యొకరును వాదించుకొనిరని చెప్పుదురు. ఒంటిచేతితో విద్యను నిలుపుకొన్న యా ధీరుని ఎవరును తక్కువగా నెంచలేరు. కృతికి ధనమిచ్చినవాడును అతడే. అయినను ధనమిచ్చి వ్రాయించుకొన్నంతమాత్రమున కృతిలోని భావము కొన్నవాని సొత్తు కాజాలదు. 1937లో జాక్ ఫెవ్రియే యను వాదకుడు పారిసు నగరమున దానిని రావెల్ కోరిన రీతిని వినిపించెను. ఆ సంవత్సరాంతముననే రావెల్ గతించెను.

రావెల్‌కు నోరున్నది, కోపమున్నది, మఱియొక వాదకుని ఎన్నుకొనుటకు వీలున్నది. బాఖ్‌కు, బేథోవెనుకు, షోపానుకు ఇవియేవియు లేవు. గతించినవాడు కాదనలేడు. అతని మాటను మార్చినను దిద్దినను న్యాయస్థానమునకు రాలేడు. బలవంతునికిచ్చిన మాటను నిలుపుకొనుటలో భయమునకు పాలుండవచ్చును. నోరులేనివానికిచ్చిన మాటను నిలుపుకొనుటయందే ధర్మము నిష్కల్మషముగా గనబడును. పసిబిడ్డల ఆస్తికి సంరక్షకుడైనవాడు ఎట్టి శ్రద్ధతో నుండవలెనో, గతించిన రచయిత కృతికి వాదకుడట్టి శ్రద్ధతో నుండవలెను.

దీనికి ప్రత్యుత్తరముగా కొందఱు, 'వాదకుడెంత మార్చినను కాగితము చెక్కుచెదరదు గదా. చిత్రపటముపై రంగు పూసిన నష్టము వంటిది ఇందు లేదు. రేపు మఱియొకడు వ్రాసినట్లే వాయించును' అందురు. ఈ వాదము కొంతవఱకు నిజమే. వాదకులు ధైర్యముతో ప్రయత్నములు చేయుటకు ఇది యాస్కారమిచ్చుచున్నది. కాని సభలో గూర్చున్నవారిలో కాగితమును చదువగలవారెందఱు? పెక్కురకు ఆనాటి వాదనమే గ్రంథము. వారు విన్నదియే బ్రాహ్మ్స్, వారు విన్నదియే షోపాన్. మూలమును చూడజాలనివానికి మూలమును చెప్పువాని బాధ్యత రెట్టింపగును. కావున మార్చుటకంటె పెద్దదోషము, మార్చి మార్చలేదనుట.

1962 ఏప్రిల్ 6వ తేదీన న్యూయార్కు నగరమున కార్నెగీ హాలులో జరిగిన సంగతి యీ విషయమున మననము చేయదగినది. పైన చెప్పిన గ్లెన్ గూల్డ్ ఆనాడు బ్రాహ్మ్స్ మొదటి పియానో కన్సర్టోను వాయింపవలసియుండెను. అతడు ఎన్నుకొన్న గతి అందఱు ఎఱిగినదానికంటె చాల విలంబితము. వాద్యబృందనాయకుడగు లెనార్డ్ బెర్న్‌స్టైన్ వాదనమునకు ముందు సభికులవైపు తిరిగి, ఈ గతియు, రచయిత చెప్పిన ధ్వనిసూచనలనుండి తొలగుటయు తనకు సమ్మతము గావని చెప్పెను. అట్లయిన ఏల నడిపించుచున్నాననగా, గూల్డ్ శ్రద్ధాళువగు కళాకారుడు, అతడు మనఃపూర్వకముగా నమ్మినదానిని వినుట యవసరమని చెప్పి, అతని గతికే తన బృందమును నడిపించెను. ఆ పలుకులు సభామర్యాద గాదని కొందఱు నిందించిరి. నాకు మాత్రము అందు ముగ్గురికిని మేలే కనబడుచున్నది. సభికులకు తాము వినబోవునది పదుగురి మార్గము గాదని తెలిసెను. గూల్డ్ తన నమ్మకమును చాటుగా గాక బాహాటముగా నిలుపుకొనెను. బెర్న్‌స్టైన్ తన యసమ్మతిని దాచక, అయినను ఎదుటివాని స్వాతంత్ర్యమునకు తన చేతులారా తోడ్పడెను. గూల్డ్ వ్యాఖ్యానము సరియైనదా యనునది వేఱు ప్రశ్న. విన్నవారిలో నేటికిని దానిపై ఏకాభిప్రాయము లేదు. కాని అతని మార్పు చప్పట్లకై చేసినది గాదు; అంత విలంబమున వాయించి చప్పట్లను కోరువాడెవ్వడు?

అయినను అదే గూల్డ్ మొజార్టు సొనాటాలలో పెక్కింటిపై తనకు గౌరవము లేదని దాపఱికము లేకుండ చెప్పుచునే వానినన్నింటిని రికార్డు చేసెను. కొన్నింటిని వింతగతులతో వాయించెను. ఇచ్చట దాపఱికము లేదు, చప్పట్ల యాశయు లేదు. అయినను ఒక కొఱత గలదు. ప్రేమలేని వ్యాఖ్యానము ఎంత బుద్ధిసూక్ష్మత గలదైనను అభియోగపత్రము వంటిది. వ్యాఖ్యాత మూలమును ఖండింపవచ్చును. కాని మూలముచేతనే మూలమును ఖండింపజేయుట, సాక్షి నోట అతడు చెప్పనిమాటను పలికించుట వంటిది.

మన దేశమున వ్యాఖ్యానవిద్య కొత్తది గాదు. కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యలు రచించిన తెలుగువాడు మల్లినాథసూరి, మూలములో లేనిదానిని వ్రాయననియు, అవసరము గానిదానిని చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. అట్లు ప్రతిజ్ఞ చేసినవాడు పద్యమును పద్యముగానే మరల వ్రాసి యూరకుండలేదు. అన్వయము చూపెను, అలంకారమును విప్పెను, పాఠభేదములను తూచెను. మూలమునకు కట్టుపడుటచేత అతని బుద్ధికి పని తగ్గలేదు, హెచ్చెను. పియానో వాదకునికిని ఇంతకంటె మంచి ప్రతిజ్ఞ దొరకదు.

చివరగా, ఇంటిలో పిల్లలకు సంగీతము చెప్పించువారికొక మాట. రికార్డులు వచ్చిన పిదప వాదకునికి కొత్త దాస్యమొకటి యేర్పడినది. పూర్వము విద్యార్థి కాగితమును చూచి, గురువును అడిగి, తనలో తాను విచారించి యొక నిర్ణయమునకు వచ్చెడివాడు. ఇప్పుడు పేరుపొందినవాని వాదనమును పదిమాఱులు విని దానినే దింపుట సులభమైనది. ఇది లిపికి విధేయతయు గాదు, స్వాతంత్ర్యమును గాదు. పరుని స్వాతంత్ర్యమును అరువు తెచ్చుకొనుట. పిల్లవాడు ఒక స్వరమును మెల్లగా వాయించినప్పుడు, 'ఏల మెల్లగా వాయించితివి?' అని అడుగవలెను. 'ఫలానివారు అట్లు వాయించిరి' అనినచో అది చాలదు. 'నాకు ఇష్టము' అనినను చాలదు. 'ఇచ్చట ఈ స్వరము వెనుకటి ప్రశ్నకు జవాబు చెప్పుచున్నట్లున్నది, అందుచేత' అని కృతిలోనుండి కారణమును చూపెనా, అతడు పదేండ్లవాడైనను వ్యాఖ్యాతయే. అతని కారణము పొరపాటు కావచ్చును, గురువు దిద్దవచ్చును. కాని కారణము చూపగలిగినవానినే దిద్దవచ్చును. అనుకరించువానిని దిద్దుటకు ఏమియు లేదు.

కావున వాదకుని స్వాతంత్ర్యమునకు హద్దు ఇంత యని కొలబద్దతో చూపలేము గాని, దానికి జవాబుదారీ గలదని నిశ్చయముగా చెప్పవచ్చును. తన నిర్ణయమునకు కారణమును కృతియందు చూపగలుగుట, మార్చినచోట మార్చితినని ఒప్పుకొనుట, వాయించునదానిని ప్రేమించుట: ఈ మూడును గలవాడు ఎంతదూరము పోయినను రచయిత యింటనే యున్నాడు. ఇవి లేనివాడు ఒక్క స్వరమునైన తప్పకుండ వాయించినను ఆ యింటికి పరాయివాడే.